పేరు చెప్పని గది

జహీరాబాదు బస్సుస్టాండులో వేకువజామున కొంతసేపు నిలిచి చూచినచో ఒక ఊరివారు ఎన్నెన్ని పనులపై పొరుగూళ్లకు పోవుచుందురో తెలిసికొనవచ్చును. పూణే నుండి హైదరాబాదు మీదుగా మచిలీపట్టణము వరకు సాగు 65వ నంబరు జాతీయ రహదారి ఈ పట్టణమును తాకుచు పోవుచున్నది. ఆ దారిని తూర్పుగా సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో హైదరాబాదు చేరుదుము. పడమరగా పోయినచో షోలాపురము, అటనుండి పండరిపురము, షిర్డీ యాత్రల దారులు కలవు. వైద్యమునకై పోవువారు, పోటీ పరీక్షలకై పోవు యువతీయువకులు, పెండ్లి వస్త్రములకై పోవువారు, యాత్రికులు, వీరందరికిని చేరినచోట ఒక రాత్రి తల దాచుకొనుటకు గది కావలెను. గది అద్దె విన్నంతనే ప్రయాణమంతయు బరువెక్కుట మనలో చాలమందికి అనుభవమే.

ఈ పట్టణము నుండి ఒక శ్రోత మాకు లేఖ వ్రాసినారు. వారి కుమారుడు అమెరికాలో ఉద్యోగము చేయుచున్నాడు. అచ్చట అతడు సెలవు దినములలో ఊళ్లు తిరుగునపుడు, పేరు చెప్పకుండ గదులమ్ము వెబ్‌సైట్లలో డబ్బు చెల్లించి, మంచి హోటళ్లలో చాల తక్కువ ధరకే బస చేయుచున్నాడట. "వచ్చు నెలలో మా అమ్మగారిని మోకాలి చికిత్సకై పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి తీసికొని పోవలసియున్నది. నేనును అట్టి గదియే తీసికొనవచ్చునా?" అని ఆ శ్రోత ప్రశ్న. ఈ సందేహము వారొక్కరిదే కాదు. పిల్లలు విదేశములలోనున్న కుటుంబములన్నిటను నేడు ఇట్టి మాట వినవచ్చుచున్నది. కావున ఈ బేరమెట్టిదో, అందు ధర ఏల తగ్గునో, అది ఎవరికి మేలో, ఎవరికి కీడో ఈ ప్రసంగములో విచారింతము.

మొదట పద్ధతిని తెలిసికొందము. సాధారణముగా మనము గది తీసికొనునపుడు హోటలు పేరు, వీధి, చిత్రములు చూచి, పిమ్మట ధర చెల్లింతుము. ఈ పద్ధతిలో వరుస తలక్రిందులుగ నుండును. వెబ్‌సైటువారు పట్టణములోని ఒక ప్రాంతమును చూపుదురు. హోటలు మూడు నక్షత్రములదో, నాలుగు నక్షత్రములదో చెప్పుదురు. అల్పాహారము, ఈతకొలను, వాహనములు నిలుపు చోటు మొదలగు సౌకర్యములను పేర్కొందురు. పూర్వము బస చేసినవారు ఇచ్చిన మార్కులను గూడ చూపుదురు. ధర చూపుదురు. కాని పేరు మాత్రము చెప్పరు. మనము డబ్బు చెల్లించిన మరుక్షణమున పేరు బయటపడును. అప్పుడు "ఈ హోటలు మాకు వలదు" అన్నను డబ్బు తిరిగి రాదు. తేదీ మార్చుటకును సాధారణముగా వీలుండదు. పేరు తెలియకపోవుట, మాట మార్చుకొన వీలులేకపోవుట: ఈ రెంటికిని బదులుగా మనకు దొరకునది ధరలో తగ్గింపు.

ఇంత తక్కువకు అమ్మి హోటలువారు ఎట్లు బ్రతుకుచున్నారను సందేహము కలుగవచ్చును. దీనికి సమాధానము మన వారపు సంతలోనే కలదు. ప్రొద్దున పది రూపాయలు పలికిన కొత్తిమీర కట్ట ప్రొద్దుగూకు వేళకు అయిదు రూపాయలకే వచ్చును. మరునాటికది వాడిపోవును గనుక అమ్మువాడు వచ్చినంతకు ఇచ్చివేయును. హోటలు గది కొత్తిమీర కన్న త్వరగా వాడును. ఈ రాత్రి ఖాళీగానున్న గదిని రేపు రెండుమార్లు అమ్ముకొనుట ఎవరికిని సాధ్యము కాదు. భవనమునకు చేసిన అప్పుపై వడ్డీ, సిబ్బంది జీతములు గది నిండినను నిండకున్నను తప్పవు. అతిథి వచ్చినందువలన అదనముగానగు ఖర్చు దుప్పట్లు ఉతుకుటకు, సబ్బునకు, విద్యుత్తునకు మాత్రమే. కావున ఖాళీ గదికి సగము ధర వచ్చినను హోటలువారికి అది లాభమే.

అట్లయినచో తమ పేరుతోనే బహిరంగముగా ధర తగ్గింపరాదా యనిన, అక్కడనే చిక్కున్నది. సంతలో సాయంకాలపు ధరను ప్రొద్దుననే చాటినచో, ప్రొద్దుటి బేరము చేయువారెవ్వరు? అందరును సాయంకాలము దాక ఆగుదురు. హోటలు విషయమును అట్టిదే. వ్యాపారపు పనిపై వచ్చువాడు పేరు, చోటు చూచి పూర్తి ధర ఇచ్చును. అదే గది సగము ధరకు దొరకునని తెలిసినచో అతడును ఆ సగమే ఇచ్చును. అందువలన హోటలువారు పేరు పైని ధరను చెక్కుచెదరనీయక, మిగిలిన గదులను మూతవేసిన బుట్టలో పెట్టి అమ్ముదురు. ఏ హోటలైనను సరే ధర తగ్గిన చాలునను వారు బుట్ట కొందురు. ఈ హోటలే కావలెనను వారు పేరు కొందురు. పేరు దాచుట వలన ఈ రెండు విధములైన వారిని వేరుచేయుట సాధ్యమగుచున్నది.

దీనికి మరియొక కారణమును కలదు. గదులమ్ము వెబ్‌సైట్లు కొన్ని, "మా వద్ద కన్న తక్కువ ధరకు మీరు మరెచ్చటను అమ్మరాదు" అని హోటళ్లతో ఒడంబడిక చేసికొనుట ఈ వ్యాపారములో వాడుకగ వచ్చినది. మన దేశములో ఈ విషయము భారత పోటీ కమిషన్ ముందుకు వచ్చినది. 2022 అక్టోబరులో ఆ కమిషన్ మేక్‌మైట్రిప్-గోఐబిబో సంస్థలపై 223 కోట్లకు పైగాను, ఓయో సంస్థపై 168 కోట్లకు పైగాను జరిమానా విధించినది. హోటళ్లపై ఇట్టి ధరల నిబంధనలను తొలగింపవలెనని మేక్‌మైట్రిప్-గోఐబిబోను ఆదేశించినది. పేరు కనబడునట్లు ధర తగ్గించుటకు ఒడంబడికలు అడ్డుపడునపుడు పేరు కనబడని తగ్గింపునకు విలువ పెరుగుట సహజము.

ఈ పద్ధతి పుట్టినది అమెరికాలో. 1998లో ప్రైస్‌లైన్ అను సంస్థ "మీ ధర మీరే చెప్పుడు" అను పద్ధతితో విమానపు టిక్కెట్లను, అటుపిమ్మట హోటలు గదులను అమ్మసాగెను. కొనువాడు ఊరు, ప్రాంతము, నక్షత్రముల సంఖ్య ఎన్నుకొని, తానీయగల ధర చెప్పి, తన కార్డు నంబరు ముందుగనే ఇయ్యవలెను. ఏ హోటలైనను ఆ ధరకు ఒప్పుకొన్నచో బేరము ముగిసినట్లే; వెనుకకు పోవ వీలులేదు. 2000లో హాట్‌వైర్ అను మరియొక సంస్థ వచ్చి, వేలము పాట లేకుండ ధరను తానే చూపి పేరు మాత్రము దాచు పద్ధతిని వ్యాప్తిలోనికి తెచ్చినది. బ్రిటనులో లాస్ట్‌మినిట్ సంస్థ "రహస్య హోటళ్లు" అను పేర ఇట్టి గదులనే అమ్మినది. ధర చెప్పి బేరమాడుట నానాటికి జనులకు శ్రమయనిపించినది. ప్రైస్‌లైను 2016లో విమానపు టిక్కెట్లకు ఆ పద్ధతిని విరమించి, పిమ్మట హోటళ్లకును మానివేసినది. నేడక్కడ మిగిలినది ధర చూపి పేరు దాచు పద్ధతియే. మూడు హోటళ్ల పేర్లు చూపి, ఆ మూటిలో ఒకటి మీకు వచ్చునని చెప్పు పద్ధతియు కలదు. అది మూత కొంచెము తెరచిన బుట్ట వంటిది.

అమెరికాలోని మన తెలుగు కుటుంబములకు ఇది అచ్చివచ్చుటకు తగిన కారణములున్నవి. అచ్చట పెద్ద హోటళ్లు చాలవరకు గొలుసు సంస్థలవి. ఒకే తరగతికి చెందిన రెండు హోటళ్లలో గదులకు పెద్ద భేదముండదు. లిఫ్టు, వేడినీరు, వాహనము నిలుపు చోటు ఉండునా యను సందేహము తక్కువ. ఎక్కువమంది సొంత కారులో పోవుదురు గనుక గది రెండు మైళ్లు అటైనను ఇటైనను ఒకటే. ఐనను అచ్చటివారిని బాధించిన లోపమొకటి యుండెను. గది ధర ఒకటి చూపి, పిమ్మట "రిసార్టు రుసుము" అను పేర మరికొంత కలుపుట అది. 2025 మే 12 నుండి అమలులోనికి వచ్చిన అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారము, బసకు తప్పక చెల్లింపవలసిన రుసుములన్నిటిని కలిపిన ధరనే మొదట చూపవలెను.

ఇంత చెప్పిన తరువాత, పేరు తెలియని గదికి డబ్బు చెల్లించుట మనకు పూర్తిగా క్రొత్తయని తలంపరాదు. తిరుమలకు పోవువారు దేవస్థానమువారి వెబ్‌సైటులో గది తీసికొనునపుడు తేదీని, అద్దె తరగతిని ఎన్నుకొందురు. ఏ కాటేజీలో ఏ గది వచ్చునో కొండ చేరి నమోదు చేయించుకొన్న పిమ్మటనే తెలియును. ఐనను మనమెవ్వరమును కలత చెందము. ఏలయనగా ఏ గదియైనను స్వామి సన్నిధిలోనిదే, మన పని దర్శనము, దేవస్థానమువారి ఉచిత బస్సులును కొండపై తిరుగుచుండును. ఈ ఉదాహరణలో మన ప్రశ్నకు సగము జవాబున్నది. వచ్చు గదులలో ఏది వచ్చినను మన పని చెడనిచోట పేరు తెలియకుండుట వలన నష్టము లేదు. ఒకటి వచ్చిన పని నెరవేరి, మరియొకటి వచ్చిన పని చెడునట్లయినచో, ఎంత తగ్గింపైనను అది తగ్గింపు కాదు.

ఇప్పుడు లెక్కకు వత్తము. ఈ అంకెలు ఉదాహరణకై మేము కల్పించుకొన్నవి. ఆసుపత్రికి దగ్గర పేరు తెలిసిన హోటలులో గది అద్దె 2,000 రూపాయలనుకొందము. 2025 సెప్టెంబరు 22 నుండి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దెగల గదులపై వస్తు సేవల పన్ను 5 శాతము. కావున మొత్తము 2,100 రూపాయలు. పేరు దాచిన గది 1,400 రూపాయలు. పన్నుతో 1,470 రూపాయలు. మిగులు 630 రూపాయలు. చూచుటకిది బాగుగనే యున్నది. కాని వచ్చిన హోటలు ఆసుపత్రికి పది, పన్నెండు కిలోమీటర్ల దూరములో నున్నదనుకొనుడు. ఆటోకు పోవుటకు మూడు వందలు, వచ్చుటకు మూడు వందలు అయినచో మిగులు ముప్పది రూపాయలు. ఆ ముప్పది రూపాయలకై మోకాలి నొప్పితోనున్న తల్లిని తెల్లవారుజామున ఆటోలో కుదుపుచు తీసికొనిపోవలసి వచ్చును.

ఇంకొక లెక్క చూతము. డాక్టరుగారు తేదీ మార్చినచో పేరు తెలిసిన గదిని, వెనుకకు తీసికొను వీలున్న షరతుపై పుచ్చుకొనియున్న యెడల, రద్దు చేసికొనవచ్చును. పేరు దాచిన గదికి ఇచ్చిన 1,470 రూపాయలు పోయినట్లే. పై ధరలకే పది ప్రయాణములు తలపెట్టినచో పేరు దాచిన గదులకు మొత్తము 14,700 రూపాయలగును. ఆ పదింటిలో మూడు ఆగిపోయినచో పేరు తెలిసిన గదులకు ఏడు ప్రయాణములకును అగునది సరిగా అదే 14,700 రూపాయలు. అనగా పదింట మూటికి మించి ఆగిపోవునట్టి పనులలో, చౌక గదియే ఖరీదైన గది యగును. ఆసుపత్రి పనులు ఎన్నిమార్లు వాయిదా పడునో ఆ పనిపై తిరిగినవారిని అడిగిన చాలును.

మన దేశములో మరికొన్ని జాగ్రత్తలును అవసరము. వెబ్‌సైటులో చూపు నక్షత్రములు ప్రభుత్వము తరగతి నిర్ణయించి ఇచ్చినవే కానక్కరలేదు. పెక్కుచోట్ల అవి వెబ్‌సైటువారు తాము వేసికొన్న అంచనాలు. కొన్ని హోటళ్లు అదే నగరపు చిరునామాగల గుర్తింపు పత్రమును అంగీకరింపవు. జహీరాబాదు నుండి వచ్చినవారికి ఇబ్బంది లేకున్నను, తోడుగానుండవచ్చిన హైదరాబాదు బంధువును ద్వారము కడనే ఆపవచ్చును. విదేశీ పౌరసత్వముగల అతిథుల వివరములను 24 గంటలలోగా అధికారులకు తెలుపవలసిన బాధ్యత హోటలువారిది. అందువలన కొన్ని చిన్న హోటళ్లు అట్టివారికి గదులీయవు. అమెరికా పౌరుడైన కుమారుడు వెంటనుండినచో ఇదియు చూచుకొనవలెను. మన లాడ్జీలలో దిగినది మొదలు 24 గంటల లెక్క చాలచోట్ల కలదు. వెబ్‌సైట్ల ద్వారా ఇచ్చు గదులలో మధ్యాహ్నము మొదలు మరునాటి ప్రొద్దు వరకు లెక్కించుట పరిపాటి. తొలి బస్సుకు బయలుదేరి ఉదయము తొమ్మిదింటికి దిగినవారు నాలుగైదు గంటలు వరండాలో కూర్చుండవలసి రావచ్చును. పేరు తెలిసిన హోటలుకు ముందుగా ఫోను చేసి ఇవన్నియు అడుగవచ్చును. పేరు తెలియనిచోట ఎవరిని అడుగుదుము?

ఈ విషయమున మాకును ఒక అనుభవమున్నది. కొన్ని సంవత్సరముల క్రిందట వేరొక నగరమునకు కుటుంబ సమేతముగా పోవుచు, తగ్గింపు చూచి మురిసి పేరు దాచిన గది తీసికొంటిమి. హోటలు శుభ్రముగనే యున్నది, సిబ్బంది మర్యాదగనే యున్నారు. కాని గది మూడవ అంతస్తులో, లిఫ్టు లేదు. మా వెంట డెబ్బదియైదేండ్ల నాన్నగారుండిరి. క్రింద గది లేదనిరి, డబ్బు తిరిగి ఈయ వీలులేదనిరి. మేము చదువక ఒప్పుకొన్న షరతులలో ఆ మాట వ్రాసియే యున్నది గనుక వారిని తప్పుపట్టుటకు లేకపోయెను. నాన్నగారు ఒక్కొక్క మలుపు కడ ఆగి, "గాలి బాగున్నది" అనుచు మెట్లెక్కిరి. ఆయన గాలికై ఆగుట లేదని మాకందరకు తెలియును. ఆనాడు మిగిలిన డబ్బెంతయో మాకిప్పుడు జ్ఞాపకము లేదు. ఆ మెట్లెన్నియో జ్ఞాపకమున్నది.

అంతమాత్రమున ఈ బేరము చెడ్డదని మేము చెప్పుట లేదు. ఆరోగ్యముగానున్న ఇద్దరు మిత్రులు రెండు రోజులు నగరము చూడబోవుచున్నారనుకొనుడు. తేదీ నిశ్చయమైనది, సామాను తక్కువ, ఏ ప్రాంతమైనను మెట్రో రైలు దగ్గర నుండిన చాలును. అట్టివారికిది మేలైన దారి. వారు చేయవలసిన పనిని క్రమముగా చెప్పుదుము. మొదట అదే ప్రాంతములో, అదే తరగతికి చెందిన హోటళ్లను పేరు కనబడు చోట్ల వెదకి, ధరలతో సహా కాగితముపై వ్రాసికొనవలెను. పేరు దాచిన ప్రకటనలోని సౌకర్యములతో, మార్కులతో పోల్చినచో అది ఏ మూడు నాలుగింటిలో ఒకటియో చాలమార్లు ఊహింపవచ్చును. ఆ ఊహ నిజమగునని నమ్మరాదు. ఆ జాబితాలో తమకు మిక్కిలి నచ్చని హోటలును ఎన్నుకొని, "ఇదియే వచ్చినచో మనకు సమ్మతమేనా?" అని తమను తాము ప్రశ్నించుకొనవలెను. సమ్మతమైనచో కొనవలెను, కానిచో మానవలెను. ఉత్తమమైనది వచ్చునను ఆశతో కొన్నవాడు చింతించును; అధమమైనదానికి సిద్ధపడి కొన్నవాడు సుఖముగా నిద్రించును.

డబ్బు చెల్లించుటకు ముందు పన్నులు, రుసుములు కలిపిన చివరి మొత్తమునే పోల్చవలెను. పటములో చూపిన ప్రాంతపు ఎల్లలు ఎంతదూరము వ్యాపించినవో చూడవలెను. పడక ఒకటియో రెండో, పిల్లలకు వీలుండునో లేదో చదువవలెను. "రెండు గదులే మిగిలినవి, పది నిమిషములే గడువు" అను హెచ్చరికలకు తొందరపడరాదు. లేని తొందరను కల్పించుట, మొదట చెప్పని రుసుమును చివర కలుపుట వంటి 13 విధములైన మోసపు పోకడలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకముల ద్వారా నిషేధించినది. అట్టివి ఎదురైనచో 1915 నంబరు గల జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును. కాని షరతులన్నియు స్పష్టముగా చూపినపుడు, హోటలు నచ్చలేదను కారణముననే డబ్బు తిరిగి కోరుట కష్టము.

ఇక మా శ్రోతకు మా జవాబు. అమ్మగారితో పోవునపుడు పేరు దాచిన గది వలదు. ఆసుపత్రికి దగ్గరగా, లిఫ్టుగల హోటలును పేరు చూచి, తేదీ మార్చుకొను వీలున్న షరతుపై తీసికొనుడు. దానికి ముందు ఆసుపత్రిలోనే రోగుల సహాయకులకు వసతి ఏదైన కలదేమో విచారింపుడు. వెబ్‌సైటులో ధర చూచిన పిమ్మట హోటలుకు నేరుగా ఫోను చేసి, "మూడు దినములుందుము, ఏమి తగ్గింతురు?" అని అడుగుడు. పెక్కు హోటళ్లు వెబ్‌సైటుకు ఈయవలసిన కమీషను మిగులునను కారణమున కొంత తగ్గించును. ఇది పేరు తెలిసియే తగ్గిన ధర. ఇందులో మీరు దేనిని వదలుకొనుట లేదు. చికిత్స జరిగి అమ్మగారు ఇంట కుదురుకొన్న పిమ్మట, కుమారుడు సెలవుపై వచ్చినపుడు మీరిరువురును ఎచ్చటికైనను విహారమునకు పోదురు గదా. అప్పుడు మూత వేసిన బుట్టను తప్పక కొనుడు.

ధర తగ్గినచోటనెల్ల మనము వదలుకొన్నది ఏదో ఒకటి యుండును. అది మనకు అక్కరలేనిదైనచో బేరము మనది. అక్కరయున్నదైనచో ఆ తగ్గింపు మనతోడివారి కాళ్లకు, కాలమునకు, నిద్రకు పడిన ఖర్చగును. ఆ తల్లిగారు త్వరలో కోలుకొని, జహీరాబాదు బస్సులో మెట్లు తామే ఎక్కగలుగుదురు గాక యని మా ఆకాంక్ష.